ఆమె రాయమన్న నాలుగు వాక్యాలు

చనిపోయినవాళ్ల గురించి రాసే పేజీలో ఎన్ని అబద్ధాలు పడతాయో బందరులో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ముప్పై నాలుగేళ్లపాటు అలాంటి పేజీలు రాసింది నేనే. రిటైరయ్యాక కూడా రాశాను. ఇప్పుడు ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు, కంప్యూటర్లో ఒక పాత కాగితం తెరిచి పేర్లు మార్చి పని అయిందనిపించుకునేవాళ్లు, ఇది చదివితే నాకు కాస్త ఊరట. చదవకపోతే మీ ఖర్మ.

మాది పెడన. మా నాన్న కలంకారీ అద్దకం పనివాడు. నాకు ఆ పని చేతకాలేదు, డిగ్రీ కూడా అయిందనిపించలేకపోయాను. టైపు మాత్రం హయ్యరు పాసయ్యాను. ఆ ఒక్క కాగితం చేత్తో పట్టుకుని బందరులో సిస్టర్ల కాన్వెంటు స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. హిందువుల కుర్రాడివి నీకక్కడ ఏం పని అని మా మావయ్య అడిగాడు. టైపు మిషనుకి మతమేంటి మావయ్యా అన్నాను. ఆ వయసులో అలాంటి జవాబులు బాగా వచ్చేవి. పాఠం చెప్పకపోయినా సిస్టర్లందరూ నన్ను మాస్టారూ అనే పిలిచేవాళ్లు, పిల్లలూ అలాగే పిలిచేవాళ్లు. నాకు అది బాగానే ఉండేది.

సిస్టర్ల జీవితం గురించి బయటివాళ్లకి తెలిసింది తక్కువ. తెల్లచీర, జపమాల, బడి, ఆసుపత్రి, అంతే. నాకు తెలిసింది ఇంకొంచెం. పైనుంచి బదిలీ ఉత్తరం వస్తే మర్నాడు పొద్దున్నే ఒక్క పెట్టెతో బయల్దేరతారు. ఎందుకని అడగరు. చెప్పిన మాట వింటామని దేవుడి ముందు ప్రమాణం చేసినవాళ్లు. ఇరవయ్యేళ్లు ఒకచోట వండిపెట్టిన మనిషి ఇంకోచోట ముసలివాళ్ల పుళ్లు కడుగుతూ కనిపించవచ్చు. ఏడాదికోసారి ఎనిమిది రోజులు ధ్యానానికి వెళ్తారు. వాళ్ల భాషలో వడకం అంటారు. ఆ ఎనిమిది రోజులూ నోరు విప్పకూడదు, ఉత్తరాలు ఇవ్వరు, ఎవరూ పలకరించకూడదు.

ఇక నా పేజీ సంగతి. ఒక సిస్టరు చనిపోతే, సమాధికి తీసుకెళ్లే ముందు పూజలో ఆవిడ జీవితం గురించి ఒక పేజీ చదువుతారు. అక్కడితో అయిపోదు. ఆ పేజీ మఠంలో ఒక ఫైల్లో ఉంటుంది. ఏటా ఆవిడ పోయిన తారీఖున, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర, అన్నం వడ్డించుకునే ముందు ఒక సిస్టరు లేచి దాన్ని చదువుతుంది. మిగతావాళ్లు నిలబడి వింటారు. ఆవిడని కళ్లతో చూడని చిన్న సిస్టర్లు కూడా వింటారు. వాళ్లకి పిల్లల్లేరు, ఫలానా ఆవిడ మా నాయనమ్మ అని చెప్పుకునేవాళ్లు లేరు. ఆవిడ ఈ లోకంలో మిగిలేది ఆ పేజీలోనే.

మొదట్లో నేను శ్రద్ధగానే రాశాను. దివిసీమలో పడవమీద పల్లెపల్లెకీ వెళ్లి పురుళ్లు పోసిన సిస్టరు ఒకావిడ పోతే, ఆ పల్లెలకి మనిషిని పంపి అడిగించి మరీ రాశాను. ఉప్పెన తర్వాత ఊరూరా శవాలకి బట్టకప్పిన ఆవిడ, గుడివాడలో మూడు తరాల ఆడపిల్లలకి లెక్కలు నేర్పిన ఆవిడ, వాళ్లవి కూడా బాగానే కుదిరాయి. తర్వాత చెయ్యి తిరిగింది. చెయ్యి తిరగడం అనేది మంచి మాట కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. మా నాన్న ఒకే చెక్క అచ్చుతో వంద దుప్పట్ల మీద అదే మామిడిపిందె అద్దినట్టు, నేను కూడా ఒక అచ్చు చేసుకున్నాను. “ప్రార్థనాపరురాలు, మితభాషి, శాంతమూర్తి, సేవాతత్పరురాలు.” పేరు, పుట్టిన ఊరు, పనిచేసిన చోట్లు మారిస్తే చాలు, అరగంటలో పేజీ సిద్ధం. మఠానికి పెద్దలైన సుపీరియర్లు మారేవాళ్లు, వాళ్లలో సగం మందికి తెలుగు అంతంత మాత్రం. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. మాస్టారు రాస్తే కళ్లనీళ్లు వస్తాయని అనేవాళ్లు కూడానూ.

హాస్టల్ చూసే సిస్టరు ఒకావిడ ఉండేది. నేను చెప్పబోయేది ఆవిడ గురించే. పొట్టి మనిషి. నడుముకి తాళాల గుత్తి, చేతిలో కొబ్బరీనె దువ్వెన. సాయంత్రమయ్యేసరికి వరండాలో కూర్చుని నూటపాతిక మంది ఆడపిల్లల తలలు వంతులవారీగా చూసేది. పేలు కనపడితే తిట్లు, జ్వరం తగిలితే రాత్రంతా పక్కన కూర్చోవడం. గోంగూర పచ్చడి ఆవిడ చేసినట్టు మా ఇంట్లో కూడా చెయ్యలేరు. కోపం మాత్రం ముక్కు మీదే. ఒకసారి నా మీద కూడా విసుక్కుంది. మీరు కుర్చీలోంచి లేచేసరికి ఈస్టరు వచ్చేట్టుంది మాస్టారూ అంది. అన్నాక అరగంటకి గోంగూర గిన్నె పంపింది.

హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకత్తి. దివిసీమలో కోడూరు అవతల పల్లె. తండ్రి లేడు, తల్లి సముద్రం పక్క మడ అడవుల కాలవల్లో పీతలు పట్టి అమ్మేది. పిల్ల చదువులో చురుకు, మనిషి మొండి. అంతకు ముందోసారి స్టోరు గదిలోంచి గుప్పెడు బెల్లం తీసి దొరికిపోయింది. ఆకలేసిందండి అని నిలబడి చెప్పిందేగాని ఏడవలేదు. ఏడవని పిల్లని చూస్తే పెద్దవాళ్లకి ఎందుకో అనుమానం.

హాస్టల్ గుడిలో మరియమ్మ మెడలో సన్నటి బంగారపు గొలుసు ఉండేది. మొక్కు తీరిన ఎవరో గిలకలదిండి వాళ్లు వేశారు. ఆ వారం గుడి ఊడ్చి పూలు మార్చే వంతు ఆ పిల్లది. శనివారం సాయంత్రం పాత దండ తీసి కొత్తది వేస్తుంటే మెడలో గొలుసు లేదు. ఆ సంగతి వచ్చి చెప్పింది కూడా ఆ పిల్లే. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు మేమెవరం గుర్తుపెట్టుకోలేదు.

హాస్టల్ సిస్టరు పెట్టెలన్నీ వెతికించింది. దొరకలేదు. నూటపాతిక మందినీ వరసలో నిలబెట్టి అడిగింది. అందరూ మాకు తెలియదన్నారు. బెల్లం తీసిన చెయ్యి గొలుసు తియ్యదా అని అందరి ముందూ ఆ పిల్లని అంది. నేను తియ్యలేదండి అని ఆ పిల్ల ఒక్క మాట చెప్పింది. అప్పుడు కూడా ఏడవలేదు.

ఆదివారం మధ్యాహ్నం సిస్టరు నా గదికి వచ్చింది. సోమవారం జిల్లా ఆఫీసు వాళ్లు తనిఖీకి వస్తున్నారు, నేను రిజిస్టర్లు సరిచేసుకుంటూ చిరాకులో ఉన్నాను. గుడి పనులు చూసే సిస్టరు ఇంకొకావిడ ఉండేది, గురువారం తెల్లవారుజామునే ఎనిమిది రోజుల వడకానికి వేరే ఊరు వెళ్లింది. ఆ సంగతే అడిగింది.

“మాస్టారూ, గుడి సిస్టరుకి ఒక ఉత్తరం ముక్క రాద్దామా? గొలుసు సంగతి ఆవిడకేమన్నా తెలుసేమో.”

“ఆవిడ మౌనంలో ఉన్నారు కదండీ. ఉత్తరం చేతికివ్వరు. అయినా ఆవిడ వెళ్లాకేగా పోయింది. హాస్టల్ రట్టు పక్క ఊరుదాకా ఎందుకండీ?”

సిస్టరు తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పింది. సరే అంది. నేను చెప్పిన మాటలో లోపమేమీ కనపడలేదు ఆవిడకి. నాకూ కనపడలేదు. ఎనిమిది రోజులు ఆగి అడగొచ్చు కదా అన్న ముక్క మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడానికి కారణం తనిఖీ. వివాదంలో ఉన్న పిల్ల పేరు రిజిస్టర్లో ఉంటే ఏమవుతుందో అని నా భయం.

తల్లికి కబురు పంపారు. సోమవారం తెల్లవారగానే పడవా బస్సూ పట్టుకుని వచ్చింది. నేను టీసీ టైపు చేశాను. ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది అందులో. సుపీరియర్ అమ్మగారు ఏం రాయాలో చెప్పలేదు, మీకు తెలుసుగా అంది. “సంతృప్తికరం కాదు” అని కొట్టాను. అది చూశాక ఏ బడీ చేర్చుకోదని నాకు తెలుసు. తల్లికి చదువు రాదు. ఏం రాశారు బాబూ అని అడిగింది. చదివి వినిపించాను. ఆవిడ కాగితం వంకా, కూతురి వంకా మార్చి మార్చి చూసి, కూతురి జుట్టు పట్టుకుని గేటు దాకా లాక్కుపోయింది.

పైకి పొక్కకూడదని సుపీరియర్ గారు గట్టిగా చెప్పింది. అందుకని చర్చి ఫాదర్ గారికి కూడా ఈ సంగతి తెలియదు. గుడి సిస్టరు వడకం అయ్యాక తిరిగి రానే లేదు. ఒడిశా కొండల్లో ఎవరో సిస్టరు హఠాత్తుగా పోతే ఆ ఖాళీలోకి వెయ్యమని ఉత్తరం వచ్చిందట. అటునుంచి అటే వెళ్లిపోయింది. ఆవిడ పెట్టె సర్ది పార్సెల్ చేసింది కూడా నేనే. ఒక చీటీ అందులో వేసినా సరిపోయేది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాటాయి. నేను రిటైరయ్యాను. హాస్టల్ సిస్టరు నాలుగు ఊళ్లు తిరిగి, మోకాళ్లు అరిగి, గుడివాడ దగ్గర ముసలి సిస్టర్లుండే ఇంటికి చేరింది. ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి మా ఇంటి ముందు ఆటో ఆగింది. చూస్తే ఆవిడ. చెమటలు కారుతున్నాయి, మంచినీళ్లు ఇస్తే పక్కన పెట్టేసింది.

జరిగిందేమిటంటే, ఒడిశా వెళ్లిన గుడి సిస్టరు కూడా వయసైపోయి అదే ఇంటికి వచ్చింది. ఇద్దరూ పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం దగ్గర పడుతోంది. మాటల్లో గుడి సిస్టరు నవ్వుతూ అందట: “తపస్సు కాలంలో మరియమ్మకి నగలుండకూడదు కదా, ఆ ఏడు వడకానికి వెళ్తూ నేను పదిరోజులు ముందే గొలుసు తీసి ఫాదర్ గారి ఇనప్పెట్టెలో పెట్టించాను. పండక్కి గుర్తుపెట్టుకుని ఎవరు వేశారో ఏమో.”

చిక్కుడుకాయల చాట కింద పడిందట. బందరు చర్చికి ఫోను చేస్తే, ఇప్పుడున్న ఫాదర్ గారు ఇనప్పెట్టె అడుగుదాకా వెతికి చూశారు. పాత రసీదు పుస్తకాల కింద గోధుమరంగు కవరు. పైన గుడి సిస్టరు చేతిరాత: మరియమ్మ గొలుసు, ఈస్టరుకి వెయ్యాలి. గుర్తుచేయాల్సిన మనిషి ఒడిశా వెళ్లిపోతే, అప్పటి ఫాదర్ గారు మరిచిపోయారన్నమాట.

ఇదంతా చెప్పి ఆవిడ నా వంక చూసింది. మీరు ఉత్తరం వద్దన్నారు అని అంటుందేమోనని నేను చూస్తున్నాను. అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పటికే ఆవిడ ఆ పిల్లని వెతికి పట్టుకుంది. పిల్ల అంటున్నాను గానీ, నలభై ఎనిమిదేళ్ల మనిషి. గిలకలదిండి హార్బర్లో చేపలు కోసిచ్చే పని చేస్తోంది. తల్లి కూడా ఆమె దగ్గరే ఉంటోంది. సిస్టరు అక్కడికి వెళ్లి, చేపల బుట్టల మధ్య చేతులు జోడించి జరిగింది చెప్పింది. ఆమె విని, నాకు తెలుసు కదండీ నేను తియ్యలేదని, నాకు చెప్తే ఏం లాభం, మా అమ్మకి చెప్పండి అందట. ఇంట్లో గరిటె కనపడకపోయినా మా అమ్మ ముందు నా వంకే చూస్తుందండి అందట.

తల్లికీ చెప్పింది సిస్టరు. ఆవిడ నమ్మలేదు.

“ఏమందో తెలుసా మాస్టారూ? ‘మీరు దేవుడి మనుషులు అమ్మగారూ, దొంగని కూడా దొంగ అనరు’ అంది. నేను దయతో అబద్ధమాడుతున్నాననుకుంటోంది. ఆ రోజు కాయితం మీద రాసి చదివారు, అది అబద్ధమెట్లా అవుద్ది అంటోంది.”

గొలుసు తెచ్చి చూపిస్తే, ఇంకోటి చేయించారేమో అందట. గుడిలో అందరి ముందూ కాగితం మీద చదివితే నమ్ముతానంది. సిస్టరు సుపీరియర్ దగ్గరికి వెళ్లి, ఆదివారం పూజలో నా తప్పు చదివించండి అని అడిగింది. సుపీరియర్ గారు పైవాళ్లని అడిగారు. పాత సంగతి, బడి పేరు పోతుంది, వద్దు అని జవాబు. ఫాదర్ గారి చెవిలో పాపసంకీర్తనం చెప్పుకున్నారు కదా, చాలు అన్నారు.

“వద్దంటే వద్దే మాస్టారూ. బతికున్నంత కాలం మాట వింటానని ప్రమాణం చేశాను. చచ్చాక ఆ ప్రమాణం ఉండదుగా” అని ఆవిడ నవ్వింది. “నా పేజీ మీరేగా రాసేది. ఇది అందులో వెయ్యండి. నన్ను పూడ్చే రోజున రమ్మని తల్లీకూతుళ్లకి చెప్పాను.”

నాలుగు వాక్యాలు, రూళ్ల కాగితం మీద, వంకర అక్షరాలు. “నేను హాస్టల్లో ఉన్నప్పుడు మరియమ్మ గొలుసు తీసిందని ఒక పిల్లని అందరి ముందూ దొంగ అన్నాను. ఆ పిల్ల తియ్యలేదు. గొలుసు దొరికింది. ఆ పిల్లకీ వాళ్లమ్మకీ అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటున్నాను.” ఇంకోమాట కూడా చెప్పింది, రాయకుండా నోటితో. నన్ను శాంతమూర్తి అని మాత్రం రాయకండి, నా చేత దెబ్బలు తిన్న పిల్లలు వచ్చి నవ్వుతారు అంది.

మీరింకా నూరేళ్లుంటారండీ అన్నాను. మాట ఇచ్చారా లేదా అంది. ఇచ్చాను.

ఆవిడ రెండేళ్లకి పోయింది. వానపడుతున్న ఉదయం, ఏడింటికి ఫోను. సాయంత్రం నాలుగింటికి బందరు కాన్వెంటు గుళ్లో పూజ, సమాధి కూడా అక్కడే. నేను కంప్యూటర్ ముందు కూర్చుని నా అచ్చు తెరిచాను. పేరు మార్చాను, ఊరు మార్చాను. తర్వాత రూళ్ల కాగితం తీసి నాలుగు వాక్యాలూ కొట్టాను. కొట్టి, చదువుకున్నాను.

దొంగ అన్నది ఆవిడే. కాగితం మీద రాసింది మాత్రం నేను. ఆ స్కూల్లో టీసీలు ఎవరు రాసేవాళ్లో బందరంతా తెలుసు. గుళ్లో నా వయసు మేష్టర్లుంటారు, పాత విద్యార్థులుంటారు, నాకు ఎదురొస్తే చెప్పులు వదిలి దణ్ణం పెట్టేవాళ్లు. ఇంతకీ ఆ పిల్లని పంపించేసింది ఎవరండీ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇదీ నా అసలు భయం. కానీ నాకు నేను చెప్పుకున్నది వేరు. పోయినావిడ పేరు పోయిన రోజునే చెడగొట్టడం ఏం మర్యాద, పైవాళ్లు వద్దన్నారు కదా, నేనెవర్ని అని చెప్పుకున్నాను. బుద్ధిమంతుల మాటలు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి. నాలుగు వాక్యాలూ చెరిపేశాను. ఆ ఖాళీలో ఏదో ఒకటి ఉండాలి కదా అని “శాంతమూర్తి” అని పెట్టాను.

గుళ్లోకి వెళ్లాక సుపీరియర్ గారు నన్ను పక్కకి పిలిచింది. చదవాల్సిన చిన్న సిస్టరు జార్ఖండ్ అమ్మాయి, తెలుగు తడబడుతుంది, మీరే చదవండి మాస్టారూ అంది. నేను మైకు దగ్గరికి వెళ్లాను. రూళ్ల కాగితం చొక్కా జేబులోనే ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు.

వెనక నుంచి మూడో వరసలో తల్లీకూతుళ్లు. గుడి సిస్టరే ఫోను చేసి రప్పించిందట. తల్లి బాగా వంగిపోయింది. ఉతికిన తెల్లచీర, చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి వింటోంది. కూతురు నా వంక కాకుండా తల్లి మొహం వంకే చూస్తోంది.

చదివాను. నా గొంతు మైకులో బాగుంటుందని అందరూ అంటారు. శాంతమూర్తి దగ్గర పాత హాస్టల్ పిల్లలు, ఇప్పుడు వాళ్లకీ జుట్టు నెరిసింది, ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. చివరి వాక్యం దగ్గర ఆగాను. జేబు మీదకి చెయ్యి వెళ్లింది. ఒక్క నిమిషం పని. చెయ్యి తీసేసి, ఆమె ఆత్మకు శాంతి కలుగుగాక అని ముగించాను.

సమాధి దగ్గర మట్టి వేసి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కూతురు వచ్చింది. తల్లి కొంచెం దూరంలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె నేను చంకలో పెట్టుకున్న కాగితం చూసింది.

“ఇంకో పేజీ ఉందాండి సార్?”

“లేదమ్మా. అంతే.”

సరేనండి అని వెళ్లి తల్లిని లేపి, చంక కింద చెయ్యి వేసి నడిపించుకుంటూ గేటు దాటింది. ముప్పై ఆరేళ్ల కింద ఆ గేటు వైపే వాళ్లమ్మ ఆమెని లాక్కుపోయింది.

వెంటనే పరిగెత్తి తప్పు దిద్దుకున్నానా? లేదు. పదకొండు నెలలు ఊరుకున్నాను. అన్నం తింటున్నాను, పేపరు చదువుతున్నాను, సాయంత్రం కోనేరు సెంటర్ దాకా నడిచి వస్తున్నాను. ఒక్క పని మాత్రం చెయ్యలేకపోయాను. మధ్యలో ఇంకో సిస్టరు పోతే పేజీ రాయమని అడిగారు, ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆ తర్వాత హాస్టల్ సిస్టరు సంవత్సరీకం దగ్గర పడుతుంటే సుపీరియర్ గారు ఫోను చేసింది. ఫైల్లో పేజీ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, భోజనాల దగ్గర చదవాలి, ఇంకో కాపీ తీసిస్తారా అని.

కాపీ తియ్యలేదు. కొత్తగా రాశాను. అచ్చు తెరవకుండా, కొబ్బరీనె దువ్వెనతో, గోంగూర పచ్చడితో, కోపంతో సహా రాశాను. ఆవిడ నాలుగు వాక్యాలూ పెట్టాను. కింద నావి రెండు చేర్చాను: ఒక్క ఉత్తరం రాసి అడుగుదామంటే వద్దన్నది ఆఫీసు గుమాస్తా. ఆ పిల్ల ప్రవర్తన బాగాలేదని టీసీలో రాసింది కూడా అతనే. సుపీరియర్ గారు తెలుగు మెల్లగా కూడబలుక్కుంటూ చదివింది. పైవాళ్లని అడగాలా అన్నాను. ఆవిడ కాగితాన్ని మడవకుండా ఫైల్లో పెట్టింది.

“మా సిస్టరు రాయమంది కదా మాస్టారూ. ఉండనివ్వండి” అంది.

ఆ రోజు మధ్యాహ్నం ఐదుగురు సిస్టర్లు నిలబడి విన్నారు. గుడివాడ నుంచి వచ్చిన ముసలి గుడి సిస్టరు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నాకు కూడా అన్నం పెట్టారు. తినలేకపోయాను.

అక్కడి నుంచి ఆటో ఎక్కి ఒక కాపీ పట్టుకుని గిలకలదిండి వెళ్లాను. చేపల వేలం అయిపోయింది, బోట్లలోకి ఐసు పొడి చేసి పోస్తున్నారు, ఆ మోతలో ఏమీ వినపడటం లేదు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని ఎవరికో పండుగప్ప ముక్కలు కోస్తోంది. నన్ను చూసి ముక్కలు కవర్లో వేసి ఇచ్చి, చేతులు కడుక్కుని లేచింది. చదివి వినిపిస్తానమ్మా అన్నాను. కాస్త గట్టిగా చదవండి సార్ అంది. మొత్తం చదివాను. నా రెండు వాక్యాలు కూడా.

“అమ్మ ఉందా? ఆవిడకి కూడా వినిపిస్తాను, పద.”

“అమ్మ వానల్లో పోయిందండి.”

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంటూ, కోపం లేకుండా, ఊళ్లో ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది.

“ఆ పూజ రోజు బస్సులో అందండి, ‘చూశావా, కాయితంలో లేదు, అమ్మగారు దయగల తల్లి గనక నిన్ను కాచింది’ అని. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ‘ఆకలేసి తీసుంటావులే, నేను మనసులో పెట్టుకోలేదు, దేవుడు కూడా పెట్టుకోడు, ఒక్కసారి ఒప్పేసుకోవే’ అంది.”

“నువ్వేమన్నావమ్మా?”

“ఏమంటానండి సార్. ఆవిడ ప్రాణం సుఖంగా పోవాలి కదండి. నేనే తీశానమ్మా, తప్పైపోయింది అన్నాను.”